200 గంటల కోసం ఎదురుచూపులు: డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

నమస్కారం.

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. పైలట్లకు కావాల్సిన క్లాస్ 1 మెడికల్ పరీక్ష అయింది, నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లూ గట్టెక్కింది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు తనే కెప్టెన్‌గా. అక్కడే ఆగిపోయాం.

తెల్లారకముందే యూనిఫాం ఇస్త్రీ చేసుకుని ఫ్లయింగ్ స్కూలుకు వెళ్తుంది. ఆ రోజు ఎగరాల్సినవాళ్ల బోర్డు మీద తన పేరుంటుంది. హ్యాంగర్‌లో (విమానాల షెడ్డులో) శిక్షణ విమానం సెస్నా మాత్రం ఇంజిన్ కవర్ ఊడదీసి ఉంటుంది. స్పేర్ పార్టు రాలేదట! గత నెలంతా కలిపి లాగ్‌బుక్‌లో నాలుగు గంటలు. ఫీజు ముందే కట్టేశాం (పొలం అమ్మిన డబ్బు, అది వేరే సంగతి).

ప్రతి ఫ్లయింగ్ స్కూల్లో ఎగరగల విమానాలెన్నో, ఇన్‌స్ట్రక్టర్లెందరో, విద్యార్థులెందరో నెలనెలా బయటపెట్టించండి. ఆ లెక్క ముందే తెలిసుంటే ఈ గడప తొక్కేవాళ్లం కాదు.

ఇట్లు,
ఒక తండ్రి