కుక్క పుండుకు పసుపు ఒక్కటే సరిపోదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీరు వేసిన కుక్కల పుండ్ల చిట్కా గురించి ఈ ఉత్తరం. పసుపు దట్టంగా అద్దితే మానిపోతుందని రెండు వాక్యాల్లో తేల్చేశారు. అది చదివి మా వీధిలో ఒకాయన చీము కారుతున్న పుండులో పొడి పసుపు కూరేశారు. పైన పెచ్చు కట్టింది, లోపల చీము అలాగే ఉండిపోయింది. అసలే వానలు. ఈగలు వాలి పురుగులు పట్టాయి. ఆ కుక్క మూలుగు వింటూ రాత్రంతా ఎవరికీ నిద్ర లేదు.

పసుపును నేను తక్కువ చెయ్యడం లేదు. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇస్తే, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. అంత పోరాడి నిలబెట్టుకున్న వైద్యాన్ని ఇలా సగం సగం చెప్పి వదిలేస్తారా?

ముందు చెప్పాల్సింది కడగడం గురించి. పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో రెండు టీ చెంచాలకు కాస్త తక్కువ ఉప్పు కలిపి, చీము పోయేదాకా కడగాలి. ఆ తర్వాతే మందు. చీము పుండుకు పసుపు కంటే తేనె నయం. అది తడిని లాగేస్తుంది, పులుపు గుణం వల్ల క్రిములను పెరగనివ్వదు, కుక్క కాస్త నాకినా భయం లేదు. పాకం కలిపిన తేనె మాత్రం పనికిరాదు. పలుచగా రాసి శుభ్రమైన గుడ్డ కట్టి రోజూ మార్చాలి. వేపనూనె ఈగలు వాలకుండా చుట్టూ రాయడానికే, లోపల పోయడానికి కాదు. సీతాఫలం ఆకు నూరి పెడితే పురుగులు చస్తాయి, నిజమే. కానీ చచ్చినవాటిని ఏరి తీయకపోతే లోపలే కుళ్ళుతాయి. ఆ పసరు కంట్లో పడనివ్వకూడదు. కిరోసిన్, ఫినాయిల్ పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి చర్మాన్ని కాలుస్తాయి, నాకితే విషం. ఆ ఒక్క హెచ్చరికైనా వేయాల్సింది.

పుండు లోతుగా ఉన్నా, కుక్క తిండి మానేసినా ఇంటి వైద్యం ఆపి డాక్టరుకు చూపించాలి. వేరే కుక్క కరిచిన గాయమైతే రేబిస్ భయం, ఉత్త చేతులతో ముట్టుకోకూడదు.

కానీ డాక్టరుకు చూపించడం అంత తేలికా? ఒక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే, వీధికుక్కకి ఓనరెవరు, చీటీ ఎవరి పేరున రాయాలి అని అడిగి పంపేశారు. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో రేబిస్ టీకాల నోటీసు ఒడియాలోనే అంటిస్తారు. 1936లో ఈ ప్రాంతం ఒడిశాలో కలిసినా మా ఇళ్లలో మాట తెలుగే. బడిలో ఒడియా నేర్చుకున్న పిల్లలు చదివి చెప్తే తప్ప మా పెద్దవాళ్లకు ఆ సంగతే తెలియదు. ఆఫీసర్లకు ఎన్ని అర్జీలు పెట్టినా ఒక్క తెలుగు ముక్క అంటించలేదు. అందుకే ఇక్కడ మీ పేపరులో వచ్చిందే డాక్టరు మాట అనుకుంటున్నారు.

ఒక పశువైద్యుడిని అడిగి ఆ చిట్కాకు సవరణ వేయండి. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, ఈ వానలు తగ్గకముందే.

— ఒక పాఠకురాలు,
గజపతి జిల్లా, ఒడిశా