క్యాటలిస్ట్ దించే కుర్రాళ్లకు తెలుగులో చెప్పండి

సంపాదకులు గారికి,

గ్రీన్ అమ్మోనియా (సోలార్ లాంటి కరెంటుతో నీళ్ల నుంచి తీసిన హైడ్రోజన్‌తో చేసే అమ్మోనియా) మీద ఆదివారం మీరు వేసిన వ్యాసం బాగుంది. నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేసే పద్ధతి కనిపెట్టిన హేబర్, దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చిన బాష్‌లతో పాటు, వేల మిశ్రమాలు పరీక్షించి ఆ చర్యను వేగం చేసే ఇనుప క్యాటలిస్ట్‌ను తేల్చిన మిట్టాష్‌ను కూడా తలుచుకున్నారు, సంతోషం. 1913లో జర్మనీలోని ఓపావులో మొదలైన ఈ పద్ధతిలో నేటికీ పని చేసేది ప్రధానంగా ఆ ఇనుమే. హైడ్రోజన్‌ను గ్యాస్ నుంచి తీసినా, సోలార్ కరెంటుతో నీళ్ల నుంచి తీసినా అంతే. ఆ క్యాటలిస్ట్ పాతబడ్డాక, అమ్మోనియా తయారయ్యే కన్వర్టర్‌లోంచి దించేది ఎవరో మాత్రం వ్యాసంలో లేదు.

ఫ్యాక్టరీని ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల్లో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా తమిళనాడులో చాలా ఫ్యాక్టరీలు తిరిగాను. ఎక్కడికెళ్లినా కాంట్రాక్టర్ తెచ్చిన మనుషుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఉండేవారు. సేఫ్టీ గురించి చెప్పేది తమిళంలో, లోపలికి దిగేందుకు ఇచ్చే పర్మిట్ ఫారం ఇంగ్లీషులో. వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి లోపలికి దిగేవారు.

వాళ్లు దించేది మామూలు ఇనుము కాదు. హైడ్రోజన్‌తో రెడ్యూస్ అయ్యి (అందులోని ఆక్సిజన్ పోయి), లోపలంతా సన్నటి రంధ్రాలతో ఉంటుంది. గాలి తగిలితే దానంతటదే రాజుకుంటుంది. డ్రమ్ములో పడ్డ నల్లటి గింజలు చూస్తుండగానే నిప్పుకణికల్లా ఎర్రబడతాయి. అందుకే ఆ కన్వర్టర్ నిండా నైట్రోజన్ నింపి, బయటి నుంచి గాలి పైపు బిగించిన మాస్కుతో మనిషిని దింపుతారు. పైపు మెలిక పడినా, మాస్కు పక్కకు జరిగినా క్షణాల్లో స్పృహ పోతుంది. 2023 డిసెంబర్‌లో చెన్నై శివారు ఎన్నూరు దగ్గర సముద్రంలోని పైప్‌లైన్ నుంచి అమ్మోనియా లీకైన రాత్రి జనం ఆ ఘాటుకే లేచి పరుగులు తీశారు. కానీ నైట్రోజన్‌కు వాసనే ఉండదు. పడిపోయినవాణ్ణి లాగుదామని మాస్కు లేకుండా దిగినవాడూ అక్కడే పడిపోతాడు. ఈ ఒక్క ముక్కైనా ఆ కుర్రాళ్లకు వాళ్ల భాషలో ఎవరు చెబుతున్నారు? గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసే రిఫార్మర్‌లోని నికెల్ క్యాటలిస్ట్ సంగతి వేరు. సరిగా ఆక్సీకరణం చేయకుండా చల్లారిన నికెల్‌కు కార్బన్ మోనాక్సైడ్ తగిలితే పుట్టే నికెల్ కార్బొనైల్ ఇంకా పెద్ద విషం.

దించిన సరుకు కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. సాధారణంగా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు, లారీ వెంట సరుకు వివరాలుండే ఫారం 10 ఉండాలి. నికెల్‌కు, వేరే క్యాటలిస్ట్‌లలోని రాగికి రేటు ఉంది కాబట్టి వాటిని పట్టుకెళ్లేవాళ్లు ఉంటారు. ఇనుము డ్రమ్ములు షెడ్డు వెనక అలా పడి ఉండటం నేను చూశాను. ఎక్కడన్నది అనవసరం.

తమిళనాడు పారిశ్రామిక భద్రతా అధికారులను కోరేది ఒకటే. పర్మిట్ మీద సంతకం తీసుకునే ముందు ఆ మనిషి భాషలో చెప్పారా లేదా అన్నది కూడా తనిఖీ చేయండి. తెలుగులో, ఒడియాలో పది నిమిషాల వీడియో చేయడం పెద్ద ఖర్చేమీ కాదు. చెన్నైలో తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఉగాది సన్మానాల మధ్య తీరిక చేసుకుని ఎవరైనా ఆ వీడియోకు గొంతిస్తే, అందులో ఏం చెప్పాలో నేను రాసిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సేఫ్టీ సూపర్‌వైజర్,
తిరువొత్తియూర్, చెన్నై