విద్యారుణాల విషయమై జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

బ్యాంకులకిచ్చిన వినతులకు జవాబు రానందున, ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంత తెలుగు తల్లిదండ్రులం మీకు బహిరంగంగా రాస్తున్నాం.

శ్రీకాకుళంలోనో విశాఖలోనో సీటొచ్చిన పిల్లకు ఇక్కడి బ్యాంకు బ్రాంచి, కాలేజీ ఉన్న ఊళ్లో అడగమంటుంది, అక్కడి బ్రాంచి సొంతూరికి పొమ్మంటుంది. సర్వీస్ ఏరియా (బ్రాంచికి కేటాయించిన పరిధి) సాకుతో విద్యారుణం నిరాకరించరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఈలోగా ఫీజు గడువు ముంచుకొస్తుంది. ఇంటివాళ్లు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు, లేదంటే ఆడపిల్ల చదువు మాన్పిస్తారు.

రుణం దొరికినా, ఏటా మొదట్లో లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకుంటే, 10 శాతం సాధారణ వడ్డీకి, కోర్సు తర్వాతి ఏడాది ముగిసేసరికి 1,40,000 రూపాయల వడ్డీ పేరుకుంటుంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షలలోపైతే, అర్హమైన కోర్సులకు ఆ వడ్డీని కేంద్రమే భరిస్తుంది. అయితే ఆ వడ్డీ కోసం కేంద్రానికి క్లెయిము పంపవలసింది బ్యాంకే. పంపకపోతే భారం విద్యార్థిపైనే పడుతుంది. ఇది అన్యాయం.

ప్రతి దరఖాస్తుకు తేదీతో రసీదు, నిరాకరణకు రాతపూర్వక కారణం, క్లెయిము పంపిన రుజువు ఇచ్చేలా తదుపరి జిల్లా బ్యాంకర్ల సమావేశంలోనే ఆదేశించవలసిందిగా కోరుతున్నాం.