గుమ్మంలోంచి మంచం కనిపించకూడదు

సంపాదకులకు,

హాలు, డైనింగు, వంటగది కలిపేసి ‘ఓపెన్’ ఇల్లు కట్టడం ఇప్పుడు చిన్న ఊళ్లకూ పాకింది. 200 గజాల్లో, అంటే 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు జాగాలో, కొరియర్ అబ్బాయికి గుమ్మంలోంచే సింకులో అంట్లు, పక్కగదిలో మంచం కనిపిస్తే ఆ తలుపు పగలంతా మూసే ఉంచుతారు. గోడలు తీసేసి ఏం లాభం?

ముగ్గు పోసిన రోజే చూసుకోవచ్చు. సింహద్వారం గీత మధ్య నుంచి పడకగది తలుపు గుర్తు మీదుగా పురికొస లాగండి. అది మంచం మీదికి పోతే తలుపు 3 అడుగులు జరపాలి. లేదా రెండు పడకగదుల తలుపులూ మూడున్నర అడుగుల నడవలోకి తిప్పాలి. దానికి పోయేది కొద్ది జాగానే. వాస్తు కోసం గుమ్మాలు వరసలోనే ఉండాలంటే, సింహద్వారానికి 4 అడుగుల లోపల 5 అడుగుల వెడల్పు జాలీ (చిల్లుల) గోడ పెట్టండి. పడకగది తలుపు బందులు మంచం ఉన్న వైపు బిగిస్తే సగం తెరిచిన రెక్కే మంచానికి తెర అవుతుంది. చెప్పకపోతే వడ్రంగి తనకు వీలైన వైపు బిగించేస్తాడు.

వెలుతురు పక్కల నుంచి కాక పైనుంచి తెచ్చుకోవాలి. గోదావరి జిల్లాల మండువా (ఇంటి నడుమ పైకప్పు లేని చోటు) లోగిళ్లలో కిటుకు అదే: వీధికి అరుగు, లోపలివాళ్లకు ఆకాశం. నేటి ఇంట్లో 6 అడుగులకు 8 అడుగుల మండువా చాలు. దాని నేల హాలు కంటే 6 అంగుళాలు దించి, 8 అడుగులకు ఒక అంగుళం వాలు ఇవ్వాలి. 4 అంగుళాల పైపులు రెండు వేయాలి, రెండోది 2 అంగుళాలు ఎత్తున. ఆకులు అడ్డుపడి మొదటిది మూసుకుంటే హాల్లోకి నీళ్లు రాకుండా కాపాడేది అదే. చాలామంది వానకు జడిసి పైన పాలికార్బొనేట్ షీటు బిగించేస్తారు. ఇక వేడిగాలి పోయే దారుండదు, వేసవిలో ఇల్లంతా ఉడుకే. షీటును అడుగు ఎత్తున లేపి, చుట్టూ మెష్ కొట్టి, జల్లు పడకుండా అంచులు ఒకటిన్నర అడుగు బయటికి వదలాలి.

పక్కింటి వైపు కిటికీ 3 అడుగుల ఎత్తులో పెడితే జీవితాంతం కర్టెనే. కింది అంచు అయిదున్నర అడుగుల్లో, పై అంచు 7 అడుగుల్లో ఉంచితే పక్కింటి నేల మీంచి చూపు దాదాపు తగలదు. పడకగదికి మామూలు కిటికీ ఒకటి మాత్రం వీధి వైపో, పెరటి వైపో ఉండాలి. అద్దంలా మెరిసే గ్లాసును నమ్ముకోకండి, రాత్రి లోపల లైటు వేస్తే బయటికి అంతా కనిపిస్తుంది.

ఓపెన్ వంటగదికి హాలు వైపు 4 అడుగుల గోడ కడితే కూర్చున్నవాళ్లకు సింకు కనిపించదు. తాలింపు ఘాటు ఆ గోడకు ఆగదు కాబట్టి చిమ్నీ పైపు బయటికి తీయక తప్పదు.

ఇక మాటలు. నాలుగున్నర అంగుళాల గోడకు రెండు వైపులా స్విచ్ పెట్టెలు వీపుకు వీపు పెడితే పక్కగది గుసగుస కూడా వినిపిస్తుంది. వాటిని అడుగు ఎడంగా పెట్టించండి.

మీ పత్రికలో ఇళ్ల ప్లాన్లు వేసేటప్పుడు మంచాలు, తలుపు రెక్కలు తిరిగే వైపు, పక్కింటి కిటికీలు కూడా గీయించి అచ్చువేయగలరని మనవి.

— ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లం, రాజమహేంద్రవరం