కొలను గోడ వెనక మట్టిని చూసేదెవరు?

సంపాదకులకు,

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌ల్లో, నగరం చుట్టూ గేటెడ్ కమ్యూనిటీల్లో ఈతకొలనులు కట్టడం మామూలైపోయింది. రెండో వానాకాలానికి కొలను చుట్టూ ఉన్న డెక్ కుంగి, అంచున బీట పడితే నింద టైల్స్ మేస్త్రీ మీదికి పోతుంది. చాలాసార్లు తప్పు అతనిది కాదు, గోడ వెనక పూడ్చిన మట్టిది.

షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు పలకలు) కోసం గోడ చుట్టూ వదిలిన ఖాళీలోకి తవ్వితీసిన నల్లరేగడినే, ఇటుక ముక్కలు, సిమెంటు సంచులతో సహా జేసీబీతో ఒక్క పూటలో నెట్టేస్తారు. పైన ట్యాంకర్ నీళ్లు కొట్టి ‘అదే కుదురుకుంటుంది’ అంటారు. ఇసుకైతే కొంత కుదురుకుంటుందేమో. రేగడి తడికి ఉబ్బి గోడను నెడుతుంది, ఎండకు నెర్రెలు విడుస్తుంది. మీటరున్నర పూడ్పు ఇరవయ్యో వంతు కుంగినా డెక్ కింద ఏడున్నర సెంటీమీటర్ల డొల్ల ఏర్పడుతుంది. అందులో వేలాడే పైపు జాయింటు దగ్గర ఊడి, కారిన నీరు మట్టిని ఇంకా మెత్తబరుస్తుంది.

పూడ్పుకు ఉబ్బని మొరం కావాలి. 20 సెంటీమీటర్ల పొరగా పరచి, 15కు దిగేదాకా దిమ్మిస వేయాలి. అంటే మీటరున్నరకు పది పొరలు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, కింద పడేస్తే రెండు మూడు ముక్కలయ్యేంత చెమ్మ చాలు. గోడకు మీటరు లోపల రోలర్‌ను రానివ్వకూడదు, అక్కడ చేతి ప్లేట్ కంపాక్టరే వాడాలి. ప్రాక్టర్ సాంద్రతలో (అదే మట్టిని ల్యాబులో దిమ్మిస వేస్తే వచ్చే గరిష్ఠ సాంద్రత) 95 శాతం వచ్చిందో లేదో మట్టి పరీక్షల భారత ప్రమాణం ఐఎస్ 2720 ప్రకారం చూడాలి. రాళ్లున్న మొరంలో కోర్ కట్టర్ (నమూనా తీసే ఉక్కు గొట్టం) సరిగా దిగదు కాబట్టి చిన్న గుంత తీసి ఇసుక పోసి కొలిచే పద్ధతే నమ్మకం. పూడ్చకముందే కొలను నింపి ఏడు రోజులు లీకు చూడాలి, పైపులకు ప్రెషర్ పరీక్ష చేయాలి. మట్టి కప్పాక చెమ్మ ఎక్కడిదో తేల్చడం కష్టం.

కింద నీరు చేరితే ఖాళీ కొలను పడవలా పైకి తేలుతుందని చెబితే, ‘బోరు వందల అడుగులు దిగితే గానీ నీళ్లు పడని చోట కొలను తేలుతుందా?’ అని అడుగుతారు. తేలుతుంది. రేగడిలోనో, రాతిలోనో తవ్విన గుంత గిన్నె లాంటిది. వాన నీరు వదులు పూడ్పులోంచి దిగి అడుగున నిలుస్తుంది. 20 సెంటీమీటర్ల మందమున్న ఆర్‌సీసీ అడుగు పలక బరువు చదరపు మీటరుకు అర టన్ను. దాని అడుగు మట్టం నుంచి అర మీటరు నీరు నిలిస్తే పైకి తోసే బలమూ అంతే. గోడల బరువు కొంత ఆపుతుంది. అయినా వానల్లో ఖాళీ కొలను ఉంచడం ప్రమాదమే.

అందుకే అడుగు కింద 15 సెంటీమీటర్ల కంకర, పునాది చుట్టూ జియోటెక్స్‌టైల్ బట్ట (నీటిని వదిలి మట్టిని ఆపేది) చుట్టిన నాలుగంగుళాల చిల్లుల పైపు ఉండాలి. పైపు వాలు వంద మీటర్లకు మీటరు. అది పంపు ఉన్న సంపులోకి చేరాలి. కింది నీటి ఒత్తిడి పెరిగితే తెరుచుకుని ఆ నీటిని కొలనులోకి వదిలేందుకు అడుగున రిలీఫ్ వాల్వు పెడతారు; దాని కింద కంకర లేకపోతే అది అలంకారమే. ప్లాస్టరింగ్ రోజుల్లో సిమెంటు పాలు దిగి పూడుకుపోయేది కూడా అదే, మూత పెట్టి కాపాడాలి. డెక్ వాలు మీటరుకు రెండు సెంటీమీటర్లు, కొలనుకు ఎడంగా. సంపు నీటిని పక్కవాడి పొలంలోకో, రోడ్డు మీదికో వదలడం అనుమతి పత్రంలోనే నిషేధించాలి.

అనుమతి ఇచ్చే అధికారులు మూడు కాగితాలు అడగాలి: మట్టి ఉబ్బు పరీక్ష, పొరలవారీ సాంద్రత నమోదు, నీరు ఎటు పోతుందో చూపే నక్షా. అపార్టుమెంట్, విల్లా కొనేవాళ్లు కూడా స్వాధీనానికి ముందే వీటి నకళ్లు తీసుకోవాలి. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం స్వాధీనం నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ, పనితన లోపాలు తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతోనే సరిచేయాలి. డెక్ కుంగినప్పుడు ‘అది మెయింటెనెన్స్’ అని తప్పించుకోకుండా ఆ నమోదు కాగితం పనికొస్తుంది.

– ఒక సివిల్ ఇంజనీరు, హైదరాబాద్