ఎర్రమట్టి దిబ్బల్ని మళ్ళీ నిలబెట్టిన మేస్త్రి గారికి

విశాఖలో ఆర్ట్ షో ఓపెన్ అయింది. అందరూ ఫోటోలు పెడుతున్నారు, కంగ్రాట్స్ చెబుతున్నారు, ఒక్కొక్కళ్ళకీ రిప్లై ఇచ్చే ఓపిక లేదు, కళ్ళు వాలిపోతున్నాయి. కానీ ఇది రాయకుండా పడుకోలేను.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం. నాది ఇంటీరియర్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్‌లో ఇళ్ళు, క్లినిక్కులు చేస్తుంటాను. దాంతోపాటు గోడకి పెట్టే రిలీఫ్ ప్యానెల్స్, ఉబ్బెత్తుగా వచ్చే బొమ్మలు, చేస్తాను, అంటే ప్లైవుడ్ మీద మెష్ కొట్టి సున్నం, ఇసుక, జనపనార కలిపి పొర మీద పొర ఎత్తుకుంటూ పోవడం. ఈసారి చేసిన పెద్ద ప్యానెల్ విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. జియాలజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది, అయినా మన కళ్ళ ముందే తరిగిపోతోంది. వాన నీళ్ళు కోసేసిన ఆ చీలికలు, వాటి అంచులు నిలబడే తీరు రంగుతో గీస్తే రావు, లోతు కావాలి. అందుకే పైన పెయింట్ కూడా వెయ్యలేదు, రెడ్ ఆక్సైడ్ సున్నంలోనే కలిపేశాను. ఎనిమిదడుగులు బై నాలుగు, నలుగురు పడితే గానీ లేవదు. విశాఖలో మొదటిసారి పెడుతున్నాను, దిబ్బలు ఎరిగిన ఊళ్ళో.

ఓపెనింగ్ ముందురోజు సాయంత్రం క్రేట్ విప్పితే కింద కుడివైపు మూల మొత్తం ఊడి ముక్కలై ఉంది. ఏం చెప్పాలి. నా దగ్గర సున్నం లేదు, ఇసుక లేదు, సామానంతా స్టూడియోలో. వైట్ సిమెంట్ పెట్టి పైన రంగు కొట్టేద్దాం, ఎవరికీ తెలీదులే అని ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను మెట్ల మీద కూలబడ్డాను.

పక్క బిల్డింగ్‌లో గోడ రిపేర్ పని జరుగుతోంది. అక్కడి తాపీ మేస్త్రి గారు ఒకాయన, శ్రీకాకుళం వైపు ఆయన, అరవై దాటి ఉంటాయి, పని దిగి ఇంటికెళ్తూ గుమ్మంలో ఆగి "ఏటైందమ్మా?" అని అడిగారు. చూపించాను. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి విరిగిన అంచుని గోటితో గీకి చూసి, "ఇది సున్నం కదా, సిమెంటు ఎయ్యకండి, అది దీన్ని పట్టుకోదు, ఎండితే పెచ్చులా ఊడొచ్చేస్తాది" అన్నారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారితో గుళ్ళకి వెళ్ళి గోపురాల మీద సున్నపు బొమ్మలు బాగుచేసేవారట. ఇప్పుడా పని ఎవరూ పిలవట్లేదట.

టీవీఎస్ ఎక్సెల్ వేసుకుని వెళ్ళి ఎక్కడి నుంచో నానబెట్టిన సున్నం ఒక డబ్బాలో తెచ్చారు. ముందు విరిగిన చోటంతా తడిపారు, ఆగి మళ్ళీ తడిపారు, పాత సున్నం నీళ్ళు తాగడం మానేదాకా కొత్తది పెట్టనివ్వలేదు. పలచగా ఒక పొర, ఆగడం, ఇంకో పొర. ఎత్తు ఆయన కట్టారు, చీలికలు నన్నే కొయ్యమన్నారు, "గీత మీది, నేను ముట్టుకోను" అని. అర్ధరాత్రి దాటిపోయింది. డబ్బులిస్తే జేబు మీద చెయ్యి అడ్డం పెట్టేశారు.

పొద్దున హాల్ తాళం తీసేసరికి ఆయన బయట నిలబడి ఉన్నారు, చేతిలో తడి గోనెపట్టా. రాత్రి గాలికి ఆరిపోతుందేమోనని పనికి వెళ్తూ చూసిపోదామని వచ్చారట. నాకింక ఏడుపు ఆగలేదు. రోజు కూలి మీద బతికే మనిషి, నేనెవరో తెలీదు, నా పేరు కూడా అడగలేదు.

ఇది కూడా రాసేస్తాను, మనసులో ఉంచుకోలేను. ప్యానెల్ పంపడానికి ట్రాన్స్‌పోర్ట్ బుక్ చేసేటప్పుడు ఇన్సూరెన్స్ అడిగితే వాళ్ళు ఇది పెయింటింగా ఫర్నిచరా అని తేల్చుకోలేక "ప్లైవుడ్ ఐటెమ్" అని రాసి, దానికి కవర్ లేదన్నారు. ఇక్కడ దింపాక హాల్ వాళ్ళు లిఫ్ట్ గెస్టులకేనని మెట్ల మీద మోయించారు. హాల్ ఫారంలో పెయింటింగ్, శిల్పం రెండే గళ్ళు. గోడకి పెట్టే రిలీఫ్ వెయ్యేళ్ళుగా మన గుళ్ళలో ఉంది, దానికి ఒక గడి ఉండదా? విరిగితే అడగడానికి ఒక కౌంటర్ ఉండదా?

మా ఆయన, అమ్మ, చెల్లి, సరే వాళ్ళకి వేరేగా చెప్పక్కర్లేదు.

అయ్యో, ఎలక్ట్రీషియన్ తమ్ముడు! పైనుంచి నేరుగా పడే లైట్లలో దిబ్బలన్నీ చదునైపోతే, నిచ్చెనెక్కి లైట్ పక్కనుంచి పడేలా తిప్పింది అతనే, అప్పుడే నీడలొచ్చాయి. క్రేట్ మోసిన నలుగురికీ, రాత్రి తాళం వెయ్యకుండా కూర్చున్న వాచ్‌మన్ గారికీ, అడక్కుండానే టీలు పంపిన ఎదురు కొట్టు అక్కకీ చాలా థాంక్స్. ఇంకెవరినైనా మర్చిపోతే కామెంట్‌లో తిట్టండి, చేరుస్తాను.

చూడ్డానికొచ్చేవాళ్ళకి ఒక మాట, నా ప్యానెల్స్ మామూలుగా తాకి చూడమంటాను, ఈసారి మాత్రం కింద కుడి మూల ముట్టుకోకండి. సున్నం గట్టిపడటానికి ఇంకా వారాలు పడుతుంది, మేస్త్రి గారు గట్టిగా చెప్పి వెళ్ళారు.