కారు 'మిస్సింగ్': ముందు పరీక్ష, తర్వాతే మరమ్మతు

సంపాదకులకు,

ఆర్యా,

పెట్రోలు కార్లలో అప్పుడప్పుడూ వచ్చి పోయే ఇంజిన్ మిస్సింగ్‌ను, అంటే ఏదో ఒక సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడాన్ని, మన వర్క్‌షాపులు సరిచేస్తున్న తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను. వానాకాలం ఉదయం స్టార్ట్ చేయగానే బండి వణకడం, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు జర్కులు ఇవ్వడం, తీరా మెకానిక్ ముందు నిలబెట్టేసరికి ఏమీ ఎరగనట్టు సాఫీగా తిరగడం ఈ లోపం లక్షణం. లోపం కళ్లెదుట దొరకదు కనుక 'ముందు ప్లగ్గులు మార్చి చూద్దాం సార్' అన్న మాటతో మొదలైన బిల్లు ప్లగ్గులకు కరెంటు అందించే కాయిల్స్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, థ్రాటిల్ బాడీ మీదుగా ఫ్యూయల్ పంపు దాకా పాకుతుంది. మా కారుకు ఒక సర్వీసు సెంటర్ వారు ఇలాగే నాలుగు ప్లగ్గులూ, నాలుగు కాయిల్సూ మార్చారు. లోపం మాత్రం పోలేదు. చివరకు ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్, ఇంజిన్ ఐడిలింగ్‌లో (బండి నిలబడి ఉండి ఇంజిన్ మాత్రం తిరుగుతూ) ఉండగా కాయిల్ వైర్లను ఒక్కొక్కటిగా మెల్లగా కదిపి చూసి, మూడో సిలిండరు దగ్గర ఇంజిన్ తడబడగానే ఆపి, కనెక్టర్ ఊడదీసి లోపల పచ్చగా చిలుము పట్టిన పిన్నును చూపించాడు.

నిజానికి ఈ లోపాన్ని పట్టుకునే ఏర్పాటు కారులోనే ఉంది. ఒక సిలిండరులో మంట అంటుకోకపోతే ఆ క్షణంలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) వేగం కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి అది ఏ సిలిండరో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) లెక్కగట్టి లోపాన్ని సూచించే కోడ్ నమోదు చేస్తుంది. పీ0301 అంటే ఒకటో సిలిండరు, పీ0304 అంటే నాలుగోది, పీ0300 అంటే ఫలానా సిలిండరని తేలని మిస్సింగ్. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉందో, ఎంత వేగంతో, ఎంత లోడు మీద తిరుగుతోందో 'ఫ్రీజ్ ఫ్రేమ్'లో భద్రంగా ఉంటుంది. లోడు మీదే మిస్సయితే ముందుగా స్పార్క్ వైపు, ఐడిలింగ్‌లోనే అయితే గాలి లీకుల వైపు చూడాలి. అయితే చాలాచోట్ల కోడ్‌లు చదివే స్కానర్ తగిలించగానే చేసే మొదటి పని డ్యాష్‌బోర్డులోని చెక్ ఇంజిన్ లైటు ఆరడానికి కోడ్ చెరిపేయడం. దానితోపాటే ఈ ఆధారమంతా పోతుంది.

కోడ్ ఒక సిలిండరును చూపినప్పుడు, దాని కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి బండి నడిపి చూడటానికి పైసా ఖర్చు లేదు. కోడ్ కూడా కాయిల్ వెంట వెళితే కాయిల్ చెడినట్టు. అక్కడే ఉండిపోతే ప్లగ్గు, వైరింగు, ఇంజెక్టరు, కంప్రెషన్ (సిలిండరు లోపలి ఒత్తిడి) వరుసగా చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే మా కారుకు కొత్త కాయిల్స్ అవసరం వచ్చేదే కాదు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద నెపం వేయడం కూడా అలవాటైంది గానీ, ట్యాంకులోని పెట్రోలు నాలుగు సిలిండర్లకూ ఒకటే కదా; మిస్సింగ్ ఒక్క సిలిండరుకే పరిమితమైతే ఆ వాదన నిలవదు.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, ఆరి వెలుగుతూ ఉండటం వేరు. రెండోది కనిపిస్తే యాక్సిలరేటర్ నొక్కకుండా నెమ్మదిగా పక్కకు తీసి ఆపాలి. లేకుంటే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి, దాన్ని పాడుచేస్తుంది. దాని ఖరీదు ముందు ప్లగ్గుల ఖర్చు ఏపాటిది?

తప్పంతా వర్క్‌షాపులదే అనలేను. పరీక్షకు పట్టిన గంటకు రుసుము అడిగితే బేరమాడే మనమే, డబ్బాలోంచి తీసిన కొత్త విడిభాగానికి అడిగినంత ఇస్తున్నాం. పరీక్షకు విడిగా రుసుము తీసుకోవడమే న్యాయం. అందుకు బదులుగా, ఏ భాగమైనా మార్చే ముందు కోడ్‌నూ, ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలనూ జాబ్ కార్డులో రాసి ఇవ్వాలని, తీసిన పాత భాగాలను యజమానికి అప్పగించాలని, మరమ్మతయ్యాక లోపం కనబడిన పరిస్థితిలోనే బండిని నడిపి చూసి బిల్లు వేయాలని వర్క్‌షాపుల యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక కారు యజమాని, విజయవాడ